పది బై పదకొండు గదికి ఏ స్పీకర్లు?

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో పాటలు వినడానికి ఏ స్పీకర్లు కొనాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వాట్లు రాశారు, బ్లూటూత్ ఉందో లేదో రాశారు, పండగ ఆఫర్లో ఎంతకొస్తుందో కూడా రాశారు, కానీ ఆ పెట్టెల్ని ఎంత గదిలో పెట్టాలో, గోడకు ఎంత ఎడంగా పెట్టాలో ఒక్క ముక్క లేదు. పక్కన వేసిన ఫోటోలో పెద్ద హాలు, నడుం ఎత్తు టవర్ స్పీకర్లు. మా పర్లాకిమిడిలో గానీ, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు గానీ నేనెరిగిన ఇళ్లలో పాటల కోసం ఒక గది మిగిలిందంటే అది పది బై పదకొండు, మహా అయితే పది బై పన్నెండు అడుగులది, అందులోనే ఒక మంచం, ఒక ఇనప బీరువా, అటక మీద పెళ్లినాటి సామాను. అలాంటి గదికి ఏం కొనాలో ఎవరూ చెప్పడం లేదు గనక నాకు తెలిసింది రాస్తున్నాను. గిడుగువారు తిరిగిన ఊరివాణ్ణి, మాట్లాడినట్టే రాస్తాను, పొడవెక్కువైతే మీరే కత్తిరించుకోండి.

ముందు ఈ వాట్ల పిచ్చి వదలాలి. డబ్బా మీద వేలల్లో పి.ఎం.పి.ఓ. వాట్లని రాసి ఉంటే చదవకుండా వదిలేయండి, దానికి ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. ఆర్.ఎం.ఎస్. అని రాసినదే లెక్క, అది నిలకడగా ఇవ్వగలిగే శక్తి. అంతకంటే పనికొచ్చేది ఇంకోటుంది, సెన్సిటివిటీ అంటారు, స్పీకర్‌కి ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) మోగుతుందో అది చెబుతుంది. చిన్న స్పీకర్లకు మామూలుగా 84 నుంచి 88 దాకా ఉంటుంది. 85 అనుకుందాం. మీరు రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరు తగ్గుతుంది, స్పీకర్లు రెండు కాబట్టి మూడు కలుస్తుంది, అంటే ఒక్క వాట్‌కే 82 దగ్గర తేలింది, గోడలు తిప్పికొట్టేది అదనం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే 60 దగ్గర ఉంటుంది, ఇక మీరే చూసుకోండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే, 50 వాట్ల ఆంప్లిఫయర్‌కీ 100 వాట్ల దానికీ ఉన్న తేడా అంతే. వాయిద్యాలన్నీ ఒక్కసారిగా లేచినప్పుడు శబ్దం చితికిపోకుండా ఉండాలంటే ఈ గదికి నిజమైన వాట్లు 30, 40 ఉంటే చాలు. పైగా శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ అమల్లో ఉన్నాయి, ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్. ఊరేగింపులకొచ్చే డీజే బండ్లవాళ్లు వాటిని చదివినట్టు కనపడరు గానీ, మనం పక్కింటివాళ్లతో కలిసి బతకాలి కదా.

ఇక అసలు సంగతి, గది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. అందులో సగం, అంటే 565ని, మీ గది పొడవుతో అడుగుల్లో భాగించండి. 10 అడుగులైతే 56, 11 అయితే 51, 12 అయితే 47 వస్తుంది. ఆ వచ్చినది హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు అన్ని కంపనాలు. ఆ స్థాయిలో ఉన్న బేస్, అంటే మంద్రపు శబ్దం, రెండు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ ఉబ్బుతుంది, దానికి రెండింతల దగ్గరా మూడింతల దగ్గరా కూడా అంతే. వెడల్పుకీ, ఎత్తుకీ ఇదే లెక్క విడివిడిగా వేసుకోవాలి. మూడు కొలతలూ ఒకటే అయితే మూడు ఉబ్బులూ ఒకే చోట పడతాయి, అందుకే పదికి పది గది వేసి పదడుగుల ఎత్తున స్లాబు పోస్తే అది పాటలకు పనికిరాని గది అవుతుంది. మేస్త్రీకి ఈ సంగతి తెలియదు, తెలిసినా ఇంటాయనకు వాస్తు తప్ప ఇంకేం పట్టదు.

మా పాత వీధుల్లో ఇంకా కొన్ని పెంకుటిళ్లు ఉన్నాయి. మట్టి గోడలు, వాలు కప్పు, దూలాలు, పెంకుల మధ్య సందులు. ఆ ఇళ్లలో ఏ మామూలు టేప్‌రికార్డర్ పెట్టినా గొంతు శుభ్రంగా వినపడేది, కారణమేమిటంటే వాలు కప్పు నేలకు సమాంతరంగా ఉండదు, బేస్ చాలావరకు పెంకుల్లోంచి బయటికి పోతుంది, మట్టి గోడ గరుగ్గా ఉంటుంది. ఇప్పటి ఇల్లు దానికి పూర్తిగా ఎదురు. పైన కాంక్రీటు, కింద టైల్స్, నాలుగు పక్కలా పుట్టీ పెట్టి నున్నగా తీర్చిన గోడలు, వచ్చిన శబ్దం వచ్చినట్టే వెనక్కి పోతుంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు "పాత సెట్టే బాగుండేదండీ" అంటే నాకు నవ్వొస్తుంది, పాత సెట్టు బాగుందని కాదు, పాత ఇల్లు బాగుంది.

గుణుపురంలో మా బావమరిది కొత్త ఇంట్లో మేడ మీద గదికి టవర్ స్పీకర్లు తెచ్చాడు, ఒక్కోదానిలో బేస్ మోగించే ఎనిమిది అంగుళాల వూఫర్లు రెండేసి. గది పదికి పది. ఫోన్ చేసి, "బావా, ఇంత డబ్బు పోశాను, డప్పు తప్ప ఇంకేం వినపడట్లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే రెండు టవర్లూ మూలల్లో గోడకు ఆనించి ఉన్నాయి, వెనక గాలి పోయే పోర్టు రంధ్రాలు గోడలోకి ఊదుతున్నాయి. మూల అంటే రెండు గోడలూ నేలా కలిసే చోటు, బేస్‌ని ఎక్కువగా ఎగదోసేది అదే. పాత మేజోళ్లు అడిగి తెప్పించి ఆ రంధ్రాల్లో కూరాను, మూలల్లోంచి రెండడుగులు ముందుకు లాగాను, సగం రోగం అక్కడే పోయింది. మిగతా సగం పోలేదు, పోదు కూడా, అంత గదిలో అంతంత వూఫర్లకు చోటు లేదు. తర్వాత అతను వాటిని హాల్లో టీవీ పక్కకు మార్చి, ఆ గదికి ఐదు అంగుళాల వూఫర్ ఉన్న చిన్న జత కొన్నాడు. ఇప్పుడు బాలమురళి గొంతులో గమకం వినపడుతోందట, మా చెల్లెలు మాత్రం ఇల్లంతా వైర్లేనని సణుగుతోంది.

చిన్న పెట్టె ఎందుకు నప్పుతుందంటే, ఐదంగుళాల వూఫర్ 60, 70 హెర్ట్జ్ దగ్గర దానంతటదే తగ్గుముఖం పడుతుంది, సరిగ్గా అక్కడే మన గది ఉబ్బించడం మొదలుపెడుతుంది, ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. మగ గొంతు మామూలుగా 85 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ఆడ గొంతు 165 దగ్గర. మనం వినేది ఎక్కువగా గొంతు, వీణ, వయొలిన్, తబలా, వీటికి ఈ పెట్టె చాలు. పియానోలో అట్టడుగు స్వరం 27.5 హెర్ట్జ్, పైప్ ఆర్గాన్ ఇంకా కిందికి పోతుంది, అవి కావాలంటే మాత్రం ముందు ఇల్లు మార్చాలి.

చిన్నదంటే నాసిరకమని అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1970ల మొదట్లో బీబీసీ ఇంజనీర్లు బయట ప్రసారాలకు తిప్పే వ్యాన్లలో వినడానికి ఎల్‌ఎస్3/5ఏ అనే స్పీకర్ తయారుచేశారు. వ్యాన్‌లో చోటు ఉండదు గనక పెట్టె ఎత్తు అడుగు, వెడల్పు ఏడున్నర అంగుళాలు, లోతు ఆరున్నర. ఐదంగుళాల వూఫర్, పైన సన్నటి శబ్దాలకు ఒక ట్వీటర్, రంధ్రమేమీ లేని మూసిన పెట్టె. సెన్సిటివిటీ 83 దగ్గరే, అంటే వాట్లు తాగుతుంది, గట్టిగా మోగదు, బేస్ కూడా పెద్దగా లేదు. అయినా మనిషి గొంతు మనిషి గొంతులా ఉందా లేదా అని చూసుకోవడానికే దాన్ని చేశారు గనక యాభై ఏళ్లు దాటినా కంపెనీలు ఆ నమూనాని ఇంకా తయారుచేసి అమ్ముతూనే ఉన్నాయి. కొత్తది కొనాలంటే ధర లక్షల్లో ఉంటుంది, కొనమని నేను చెప్పను. కానీ అదే పద్ధతిలో, అదే సైజులో అందుబాటు ధరల్లో బోలెడు వస్తున్నాయి, కలకత్తా సోనోడైన్ లాంటి మన దేశపు కంపెనీలు కూడా దశాబ్దాలుగా స్పీకర్లు చేస్తున్నాయి. పేర్లు చూసి మురవక్కర్లేదు, కింద చెప్పేవి చూసుకోండి.

మొదట పోర్టు ఎక్కడుందో చూడాలి. వెనక రంధ్రం ఉన్నదాన్ని గోడకు కనీసం అడుగున్నర ఎడంగా పెట్టే చోటు ఉంటేనే తీసుకోండి. అంత చోటు లేకపోతే ముందు రంధ్రం ఉన్నదో, అసలు రంధ్రమే లేనిదో తీసుకోవాలి, వాటిని గోడకు జానెడు దూరంలో పెట్టుకోవచ్చు. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. వూఫర్ ముఖానికీ వెనక గోడకీ మధ్య రెండడుగులుంటే, గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం 140 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దానికి ఎదురుపడి కొంత మింగేస్తుంది, మగ గొంతులో నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. అడుగే ఉంటే ఆ గుంట 280 దగ్గర పడుతుంది, మూడడుగులుంటే 94 దగ్గర. తప్పించుకోలేం, అటూ ఇటూ జరపగలం అంతే. అందుకే కొన్న రోజే చోటు ఖాయం చేసి గోడకు మేకులు కొట్టకండి, నాలుగు రోజులు నాలుగంగుళాల చొప్పున జరుపుతూ వినండి. పక్క గోడ దూరం, వెనక గోడ దూరం ఒకటే కాకుండా మాత్రం చూసుకోండి, ఒకటే అయితే రెండు గుంటలూ ఒకే చోట పడి లోతవుతాయి.

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి మీ తలకు కూడా అంతే దూరం ఉండాలి. పది బై పదకొండులో ఐదడుగులో, ఐదున్నరో వస్తుంది. ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలి, కుర్చీలో కూర్చునేవాళ్లకు ఒక ఎత్తు, చాప మీద కూర్చునేవాళ్లకు ఇంకో ఎత్తు. కంపెనీ స్టాండ్లు కొంటే స్పీకర్ ధరలో మూడో వంతు వాటికే పోతుంది, మా బజారులో వెల్డింగ్ షాపులో చతురస్రపు పైపుతో చేయించి, లోపల ఎండిన ఇసుక పోసి, మూత వేయించి, పైన నాలుగు రబ్బరు ముక్కలు పెడితే కదలవు, మోగవు. అల్మారా అరలో, పుస్తకాల మధ్య కుక్కేసి "బుక్‌షెల్ఫ్ స్పీకర్ అంటే షెల్ఫులో పెట్టేదేగా" అనేవాళ్లున్నారు, వాళ్లతో నేను వాదన మానేశాను. ఇక మీరు కూర్చునే చోటు. వెనక గోడకు తల ఆనించి కూర్చుంటే బేస్ ఉబ్బుగా వినపడుతుంది, సరిగ్గా నడిగదిలో కూర్చుంటే పైన లెక్కవేసిన ఆ 51 హెర్ట్జ్ మాయమైపోతుంది. రెంటికీ మధ్య ఎక్కడో మీ కుర్చీ ఉంది, వెతుక్కోవాలి.

సరిగ్గా పెట్టామో లేదో తెలుసుకోవడానికి మనకో మంచి సాధనముంది, దాన్ని ఎవరూ వాడరు. ఇంగ్లండులో ఆలన్ బ్లూమ్లైన్ అనే ఇంజనీరు స్టీరియో పేటెంటుకు దరఖాస్తు పెట్టింది 1931లోనే అయినా మన సినిమా పాటలు ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు మోనోలోనే వచ్చాయి. ఘంటసాల, సుశీల పాడిన పాత పాటలకు రెండు స్పీకర్లు దండగ అంటారు. దండగ కాదండీ, పరీక్షకు వాటిని మించినవి లేవు. మోనో పాటలో రెండు వైపులా వచ్చేది ఒకటే శబ్దం, కాబట్టి గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ, ఏమీ లేని చోట, ఒకే ఒక్క మనిషి నిలబడి పాడినట్టు ఉండాలి. అలా కాకుండా గొంతు గదంతా పరుచుకుని బేస్ పలచబడిందంటే ఒక స్పీకర్ వైరు తిరగేసి ఉంటుంది, ఎర్రది ఎర్రదానికీ నల్లది నల్లదానికీ ఉందో లేదో చూడండి. ఒక పక్కకు ఒరిగిందంటే ఆ వైపు బీరువానో నున్నటి గోడో ఉంది, ఇటువైపు కర్టెనో తెరిచిన తలుపో ఉంది. అలాంటప్పుడు ఒకరు గోడ వెంట అద్దం జరుపుతుంటే మీరు కుర్చీలోంచి చూడండి, అద్దంలో ట్వీటర్ ఎక్కడ కనపడితే శబ్దం అక్కడ తగిలి మీ చెవికొస్తోందన్నమాట, అక్కడ ఒక బొంత వేలాడదీస్తే సరి.

మా వైపు ఇళ్లలో ఒడిస్సీ కూడా మోగుతుంది గనక బేస్ పరీక్షకు అందులో వాయించే మర్దల, అంటే మద్దెల లాంటి వాద్యం, బాగా పనికొస్తుంది. దాని మోటు వైపు దెబ్బకు ఒక శ్రుతి ఉంటుంది, అది వినపడి ఆగిపోవాలి. దెబ్బలన్నీ ఒకే శ్రుతిలో "బుమ్" అని సాగుతున్నాయంటే మోగుతున్నది మర్దల కాదు, మీ గది.

గదిని బాగుచేయడానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. చప్పట్లు కొట్టండి, "టంగ్" మని లోహపు మోత వినపడితే ఎదురెదురు గోడలు ఖాళీగా ఉన్నట్టు. పుస్తకాల అర, పత్తి పరుపు, మందపాటి తివాచీ, మడిచిన దుప్పట్ల దొంతర, ఇవన్నీ పనిచేస్తాయి. కోడిగుడ్ల అట్టలు అంటించకండి, అవి పైస్థాయి శబ్దాన్ని కొంచెం తాకుతాయేమో గానీ బేస్‌ని ఏమీ చేయలేవు, బల్లులకు మాత్రం కాపురం దొరుకుతుంది. బీరువా తలుపు, కిటికీ అద్దం, గోడ మీద దేవుడి పటం, ఇవి బేస్‌కు గిలగిల్లాడతాయి, స్పీకర్ పగిలిందేమోనని టెన్షన్ పడేముందు పటం వెనక అట్టముక్క దోపి చూడండి.

మా వాతావరణానికి తగిన రెండు మాటలు కూడా చెప్పాలి. వూఫర్ అంచు చుట్టూ మెత్తటి పట్టీ ఉంటుంది, అది ఫోమ్‌దైతే ఈ తేమకు పదీ పదిహేనేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరుదైతే నిలుస్తుంది. పాత స్పీకర్లు చవగ్గా వచ్చాయని ఎగబడేవాళ్లు ముందు వేలితో ఆ పట్టీని మెల్లగా నొక్కి చూడాలి. పెట్టెలు చాలావరకు చెక్క నారను అదిమి చేసిన ఎండీఎఫ్ పలకవే, తడి నేల మీద పెడితే అడుగు ఉబ్బుతుంది, చెదలు సరేసరి. ఆంప్లిఫయర్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్లు సదుపాయమే, వైర్లు తక్కువ, బల్ల మీద పెట్టుకుని వినేవాళ్లకు అవే మేలు. కానీ మా దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వోల్టేజీ ఎగిరిపడుతుంది, లోపలి బోర్డు కాలితే ఆ పెట్టెను మోసుకుని ఏ విశాఖపట్నమో భువనేశ్వరో పోవాలి. ఆంప్లిఫయర్ విడిగా ఉంటే అది పోయినా ఊళ్లో రేడియో రిపేరు చేసే ఆయన చూస్తాడు, స్పీకర్లు పాతికేళ్లు పడుంటాయి. అందుకని నా ఓటు విడివిడిగా కొనడానికే, పెట్టుబడిలో ఎక్కువ వంతు స్పీకర్లకే. స్పీకర్ వైరు గురించి షాపులో చెప్పే కథలు వినకండి, ఇంత చిన్న గదికి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి కరెంటు వైరు చాలు.

మా ఊళ్లో విని కొనే చోటు లేదు, నగరానికి పోవాల్సిందే. పోయేటప్పుడు మీకు బాగా తెలిసిన పాటలు ఫోన్లో పట్టుకుపోండి, షాపువాడు వేసే పాట అతని స్పీకర్‌కి నప్పేదే అయి ఉంటుంది. ఒక షాపులో రెండు జతలు వినిపించి ఖరీదైనదాన్ని కాస్త గట్టిగా పెట్టాడు, గట్టిగా మోగేది చెవికి ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది, రెండూ ఒకే మోతలో పెట్టమంటే మొహం మాడ్చాడు. పైగా షోరూమ్ అంటే పెద్ద హాలు, అక్కడ బేస్ చాలలేదనిపించిన చిన్న స్పీకర్ మన గదికొచ్చాక సరిపోతుంది, అక్కడ నిండుగా ఉన్నది ఇక్కడ గోల చేస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు చూసుకుని కొనండి, అట్టపెట్టె పారేయకండి.

సౌండ్‌బార్ గురించి మీ వ్యాసంలో పెద్ద పొగడ్త ఉంది. టీవీలో మాటలు వినడానికి ఫరవాలేదు, కానీ మూడడుగుల కడ్డీలో కుడీ ఎడమా రెండూ ఇరికించి స్టీరియో అంటే ఎలా? బేస్ కోసమే విడిగా పెట్టే సబ్‌వూఫర్ మాటకొస్తే, పైన చెప్పినవన్నీ అయ్యాక కూడా కావాలనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు, నాకైతే ఈ సైజు గదుల్లో అది కావాలన్నవాడు ఇంతవరకు తగల్లేదు.

మీకు నా విన్నపం ఒకటే. ఇకముందు స్పీకర్ల గురించి వేసేటప్పుడు వాట్లూ ధరా కింద ఇంకో నాలుగు వివరాలు కూడా వేయండి, సెన్సిటివిటీ ఎంత, పోర్టు ముందా వెనకా, పట్టీ రబ్బరా ఫోమా, ఎన్ని అడుగుల గదికి. కంపెనీలు ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.